ఒక్క టైరు మారిస్తే చాలదు

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో తిరిగే కారు టైరుకు అరుగుదల కన్నా కోత భయం ఎక్కువ. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నేల అడుగున పరుచుకుని ఉన్నది నాపరాయి. పలకలు పలకలుగా విడిపోవడం దాని గుణం. ఆ గుణం వల్లే ఎన్నో ఊళ్లలో ఇళ్లకు బండపరుపై, కడప రాయిగా పేరు తెచ్చుకుంది. విరిగిన ముక్క అంచు పదునుగా ఉండేదీ ఆ గుణం వల్లే. గనులకు పోయే బాటల్లో, కంకర పరిచి వదిలేసిన పొలం దారుల్లో, లంకమల, నల్లమల అంచుల్లోని రాతి దారుల్లో ఆ అంచు టైరుకు పక్కనుంచి తగులుతుంది.

రేడియల్ టైరులో నేలను తాకే భాగం కింద ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. ప్రక్కన, అంటే సైడ్‌వాల్‌లో, ఒకటి రెండు పొరల పాలిస్టర్ దారం, దాని మీద పలచని రబ్బరు, అంతే. నేలను తాకే రబ్బరు దిమ్మెల, అంటే బటన్ల, మధ్య దిగిన మేకుకు పంక్చర్ వేయొచ్చు గానీ సైడ్‌వాల్ కోసుకుపోతే అతుకు నిలవదు, వేయకూడదు కూడా. అప్పుడు ఆ ఒక్క టైరూ పోతుంది, మిగతా మూడూ ఇంకా బాగానే ఉంటాయి. యజమాని టైరు షాపుకు వెళ్లి అదే సైజు టైరు ఒకటి కొని వేయించుకుంటాడు. మామూలు కారుకు ఇది కొంతవరకు చెల్లుతుంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండికి, అదీ మన ప్రాంతంలో, చెల్లదు. ఎందుకు చెల్లదో తెలియాలంటే బండి కింద ఏం జరుగుతుందో చూడాలి.

మలుపు తిరిగేటప్పుడు నాలుగు చక్రాలూ నాలుగు వేర్వేరు దారుల్లో పోతాయి. బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. ఒకే ఇరుసు మీదున్న కుడి ఎడమ చక్రాలకు ఈ వెసులుబాటు ఇచ్చేది డిఫరెన్షియల్, మన మెకానిక్కులు హౌసింగ్ అని పిలిచే ఆ గుండ్రటి డొప్పలోని పళ్లచక్రాల అమరిక. ఇది ఎడమా కుడీ మధ్య తేడాను సర్దుతుంది. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య ఉన్న తేడాను సర్దేదెవరు?

థార్, జిమ్నీ, గూర్ఖా, పాత జిప్సీ, అంతకు ముందటి మహీంద్రా జీపు వంటి బండ్లలో ఆ పని చేసేది ఏదీ లేదు. వీటిని పార్ట్‌టైమ్ ఫోర్ బై ఫోర్ అంటారు. మామూలుగా వెనక చక్రాలే నడుస్తాయి. లివరు ఫోర్ హైలో వేసినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు ముందు షాఫ్టునూ వెనక షాఫ్టునూ కలిపి బిగించేస్తుంది. ఇక ఆ రెండూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. 1947లో మహీంద్రా వాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టిన నాటి నుంచి ఈ అమరిక మూలసూత్రం మారలేదు. మొరటుదే, కానీ గట్టిది. బురదలో, ఇసుకలో దీన్ని మించినది తక్కువ.

ఇప్పుడు టైరు లెక్క చూద్దాం. జిమ్నీకి కంపెనీ ఇచ్చే టైరు మీద 195/80 ఆర్15 అని ఉంటుంది. 195 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 80 అంటే ఆ వెడల్పులో 80 శాతం సైడ్‌వాల్ ఎత్తు, అంటే 156 మి.మీ. ఆర్ అంటే రేడియల్. 15 రిమ్ము కొలత, అంగుళాల్లో. కింద సైడ్‌వాల్, పైన సైడ్‌వాల్, మధ్యలో రిమ్ము కలిపితే టైరు నిలువు కొలత 693 మి.మీ. ఒక చుట్టు తిరిగితే బండి 2,177 మి.మీ. ముందుకు పోతుంది.

కొత్త టైరు బటన్ లోతు 8 మి.మీ. అనుకుందాం. బాగా తిరిగిన టైరులో అది 3 మి.మీ.కి దిగింది. తేడా 5 మి.మీ.నే కదా అనిపిస్తుంది. ఆ 5 టైరు పైనా కిందా తగ్గుతుంది కాబట్టి నిలువు కొలత 10 మి.మీ. తగ్గి 683 అవుతుంది, చుట్టు 2,146 మి.మీ.కి వస్తుంది. అంటే సుమారు ఒకటిన్నర శాతం తేడా. కిలోమీటరు దూరానికి కొత్త టైరు 459 చుట్లు తిరిగితే అరిగిన టైరు 466 తిరగాలి. లోపలి ఉక్కు పట్టీ సాగదు కాబట్టి నిజంగా రోడ్డు మీద వచ్చే తేడా ఈ కాగితం లెక్క కన్నా కొంత తక్కువే ఉంటుంది. లేకుండా మాత్రం పోదు.

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు సుమారు 200 కిలోమీటర్లు. ముందు రెండు కొత్తవి, వెనక రెండు అరిగినవి ఉన్న బండిని ఎవరైనా లివరు ఫోర్ హైలోనే ఉంచి ఈ దారిన నడిపారనుకోండి. వెనక చక్రాలు ముందు చక్రాల కన్నా దాదాపు 1,300 చుట్లు ఎక్కువ తిరగాలి. షాఫ్టులు బిగిసి ఉన్నాయి కాబట్టి తిరగలేవు. మరి ఆ తేడా ఎక్కడికి పోతుంది? రబ్బరు రోడ్డు మీద ఈడ్చుకుపోవాలి. కాగితం లెక్క ప్రకారం ఆ ఈడ్పు మొత్తం మూడు కిలోమీటర్లకు దగ్గరగా తేలుతుంది. ఒక టైరు కొత్తది, మూడు పాతవి అయితే ఆ ఇరుసు డిఫరెన్షియల్ తేడాను సగానికి తగ్గిస్తుంది. మిగతా సగం అలాగే ఉంటుంది.

రబ్బరు ఈడ్చుకుపోయే లోపు షాఫ్టులు మెలిపడతాయి. తడిపంచెను ఇద్దరు చెరో కొస పట్టుకుని పిండితే మధ్యలో ఎలా బిగుస్తుందో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్యనున్న ఇనుమంతా అలా బిగుస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేసులోని చైనూ పళ్లచక్రాలూ, షాఫ్టు జాయింట్లూ, హౌసింగులోని క్రౌనూ పినియనూ ఆ మెలికను మోస్తాయి. ఏదో ఒక టైరు కాస్త జారినప్పుడు ఆ మెలిక విడిపోతుంది, మళ్లీ పోగవుతుంది.

అసలు విషయం ఇక్కడే ఉంది. టైరు జారాలంటే నేల సహకరించాలి. తడి నల్లరేగడిలో, పెన్న ఇసుకలో టైరు సులువుగా జారుతుంది కాబట్టి మెలిక పేరుకోకముందే విడిపోతుంది. ఎండిన తారు రోడ్డు మీద, సిమెంటు రోడ్డు మీద, గట్టి నాపబండ మీద రబ్బరు పట్టు బురదలో ఉన్నదానికి మూడు నాలుగు రెట్లు. టైరు జారనని మొండికేస్తుంది, భారమంతా ఇనుము మీద పడుతుంది. కోనసీమలోనో కేరళలోనో వానాకాలంలో కొంత దాగే తప్పు రాయలసీమలో దాగదు. ఏడాదికి 600-700 మిల్లీమీటర్ల వాన, అదీ కొద్ది రోజుల్లో కురిసి వెళ్లిపోయే చోట నేల ఎక్కువ కాలం పొడిగానే ఉంటుంది. ఒక్క టైరునే మార్చాల్సిన అవసరం తరచుగా తెచ్చేది ఈ రాతినేలే, అలా మార్చిన బండికి గట్టిగా చేటు చేసేదీ ఈ పొడినేలే. టైర్ల జత గురించి మన దగ్గర ఇంత పట్టుగా చెప్పాల్సి రావడానికి కారణం ఇది.

నాలుగు టైర్లూ కొత్తవే, ఒకే కంపెనీవే అయినా పొడి రోడ్డు మీద ఫోర్ హై వేయొద్దని బండి పుస్తకంలో రాసి ఉంటుంది. దానికీ కారణం జ్యామితే. జిమ్నీ ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2.59 మీటర్లు. వెనక ఇరుసు మధ్యభాగం 5 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా తిరిగితే ముందు ఇరుసు మధ్యభాగం 5.63 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. ఒక పూర్తి చుట్టుకు వెనకది 31.4 మీటర్లు, ముందుది 35.4 మీటర్లు. ఇరుకు సందులో బండి తిప్పుతున్నప్పుడు స్టీరింగు బిగుసుకుని, బండి ఎవరో పట్టి ఆపినట్టు కుదుపుతూ పోయేది అందుకే. అయితే ఆ బిగింపు మలుపుతో పాటే పోతుంది. టైర్ల కొలత తేడా వల్ల వచ్చేది తిన్నని రోడ్డు మీద కూడా అడుగడుగునా పేరుకుంటూనే ఉంటుంది.

దాని లక్షణాలు కనిపెట్టడం కష్టం కాదు. లివరు ఫోర్ హై నుంచి టూ హైకి రాదు, లాగితే గట్టిగా పట్టుకుని ఉంటుంది. డాష్‌బోర్డు మీద ఫోర్ బై ఫోర్ దీపం ఆరదు. కింద నుంచి ఉండుండి టక్కుమని చప్పుడొస్తుంది. అలాంటప్పుడు లివరును బలవంతంగా గుంజకూడదు. స్టీరింగు నేరుగా ఉంచి బండిని నాలుగైదు మీటర్లు వెనక్కి పోనిస్తే మెలిక విడిపోయి లివరు తేలిగ్గా వస్తుంది. ఇలా మళ్లీ మళ్లీ అవుతుంటే గేరు బాక్సును విప్పించే ముందు టైర్లు కొలిపించండి.

లివరు లేని బండ్ల సంగతి వేరే. కొన్నింటిలో బలం ఎప్పుడూ ముందూ వెనకా పంచుకునేలా మధ్యలో మూడో డిఫరెన్షియల్ ఉంటుంది. 1980లో ఆడీ క్వాట్రో వచ్చాక పెద్ద కార్లలో ఇది బాగా వ్యాపించింది. ఇక్కడ షాఫ్టు మెలిపడదు. కానీ టైర్లు తేడాగా ఉంటే మలుపులో మాత్రమే పని చేయాల్సిన ఆ చిన్న పళ్లచక్రాలు తిన్నని రోడ్డు మీద కూడా గంటల తరబడి తిరుగుతూనే ఉంటాయి. మరికొన్ని బండ్లు మామూలుగా ముందు చక్రాలతో నడుస్తూ, ముందు చక్రం జారుతోందని కంప్యూటరుకు తెలిసినప్పుడు వెనక ఇరుసును ఒక క్లచ్‌తో కలుపుతాయి. జారుడు తెలిసేది చక్రాల వేగం చూసే సెన్సార్ల వల్ల. చిన్న టైరు వేగంగా తిరుగుతుంటే దాన్ని కంప్యూటరు జారుడుగా పొరబడవచ్చు. అవసరం లేకుండా క్లచ్ కలుస్తుంది, వేడెక్కుతుంది, అరుగుతుంది. పైకి ఏ చప్పుడూ రాదు కాబట్టి ఈ రకం బండ్లలో నష్టం ఆలస్యంగా బయటపడుతుంది, ఖర్చు మాత్రం ఎక్కువ.

అమెరికాలో ఉండే మనవాళ్లలో సుబారు నడిపేవాళ్లకు ఇది బాగా తెలిసిన విషయం. ఆ కంపెనీ నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య తేడా పావు అంగుళం, అంటే 6.4 మి.మీ. దాటకూడదంటుంది. బటన్ లోతులో చూస్తే అది ఒక మిల్లీమీటరు మాత్రమే. అందుకే అక్కడ కొత్త టైరును యంత్రం మీద పెట్టి, పాత మూడింటి లోతుకు సరిపోయేదాకా చెక్కి ఇచ్చే పద్ధతి కూడా ఉంది. కొత్త రబ్బరును కావాలని చెక్కించుకోవడం వింతగానే ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు ధరతో పోల్చి చూసుకున్నవాళ్లకు కాదు.

సైజు ఒకటే అయితే చాలదు అన్నది ఇంకో కారణం వల్ల కూడా. ప్రక్కన రాసి ఉండే అంకెలు పేరుకు మాత్రమే. ఒకే సైజు రాసి ఉన్నా రెండు కంపెనీల టైర్లను ప్రక్కప్రక్కన నిలబెట్టి కొలిస్తే కొన్ని మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఒకే కంపెనీలో హైవే రకానికీ ఆల్ టెరైన్ రకానికీ బటన్ లోతులు వేరు. థార్‌లో ఒక రకానికి 245/75 ఆర్16, ఇంకో రకానికి 255/65 ఆర్18 వచ్చాయి. మొదటిది 774 మి.మీ., రెండోది 789. స్నేహితుడి బండి స్టెప్నీ అడిగి తెచ్చి తగిలించుకునే ముందు ఈ రెండు అంకెలు గుర్తు పెట్టుకోవాలి.

ఇంట్లోనే కొలుచుకునే పద్ధతి ఒకటుంది. చదునైన సిమెంటు నేల మీద బండి నిలిపి, నాలుగు టైర్లలోనూ గాలి సమానంగా పెట్టి, టైరు నేలను తాకే చోట టైరు మీదా నేల మీదా సుద్దముక్కతో గీత గీయండి. లివరు టూ హైలో ఉంచి బండిని తిన్నగా నెట్టించండి. టైరు మీది గీత సరిగ్గా ఐదుసార్లు కిందికి వచ్చినప్పుడు ఆపి, నేల మీద మళ్లీ గీత పెట్టి, మధ్య దూరాన్ని ఇనుప టేపుతో కొలవండి. ఐదుతో భాగిస్తే ఒక చుట్టు కొలత వస్తుంది. బండి బరువు మీద ఉన్నప్పుడు తీసిన కొలత కాబట్టి షాపులో తీసేదానికన్నా ఇది నిజానికి దగ్గర. ఇంత ఓపిక లేకపోతే బటన్ లోతు కొలిచే చిన్న గేజి చాలు, నాలుగు టైర్లలోనూ లోపలి వైపు, మధ్యలో, బయటి వైపు చూడాలి. లోతు 1.6 మి.మీ.కి దిగితే మన దేశంలో ఆ టైరు చట్టప్రకారం పనికిరాదు. బటన్ల మధ్య గాడిలో అడ్డంగా ఉండే చిన్న దిమ్మెలు ఆ హద్దును చూపించేవే.

గాలి సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మే నెలలో ఇక్కడి ఎండ 43, 44 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. టైరు లోపలి గాలి బయటికి పోలేదు, పెద్దగా వ్యాకోచించలేదు. అందుకే వేడి పెరిగిన కొద్దీ పీడనం పెరుగుతుంది. 25 డిగ్రీల వద్ద 33 పీఎస్ఐ నింపిన టైరు బండి కదలకుండా నీడలో ఉన్నా 45 డిగ్రీలకు 36 దాటుతుంది. దాని మీద రోడ్డు వేడి, టైరు నలగడం వల్ల పుట్టే వేడి కూడా చేరితే ఇంకో నాలుగైదు పెరుగుతుంది. మధ్యాహ్నం దారిలో ఆగి గేజిలో 40 చూసి భయపడి గాలి తీసేయించేవాళ్లు చాలామంది. అది ప్రమాదం. సాయంత్రానికి చల్లబడితే ఆ టైరులో ఉండాల్సిన దానికన్నా తక్కువ గాలి మిగులుతుంది. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువ నలుగుతుంది, నలిగిన కొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ ఉక్కు పట్టీకీ రబ్బరుకూ మధ్య పట్టు వదులవుతుంది. హైవే మీద బెల్టు లేచి టైరు పేలడం వెనక తరచుగా ఉండే కథ ఇదే. పొద్దున్నే, బండి కదలకముందు, డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితంలో రాసినంత గాలి పెట్టించాలి. ఆపైన రోజంతా దాని జోలికి పోకూడదు. చక్రానికీ చక్రానికీ గాలి తేడా ఉంటే తిరుగుడు కొలతా కొంచెం మారుతుంది. కొన్ని కార్లు గాలి తగ్గిందని కనిపెట్టేది చక్రాల వేగంలోని ఆ చిన్న తేడాను చూసే.

వేడి రబ్బరు వయసును కూడా తొందరపెడుతుంది. ప్రాణవాయువు, ఓజోను రబ్బరును గట్టిపరుస్తాయి, సన్నని బీటలు తెస్తాయి, ఎండలో ఆ చర్య ఇంకా వేగంగా సాగుతుంది. టైరు ప్రక్కన చిన్న గూడులో నాలుగంకెలు ఉంటాయి. 2323 అంటే 2023లో 23వ వారంలో తయారైనదని అర్థం. కొత్త టైరు పేరుతో మూడేళ్లు గోడౌనులో పడి ఉన్నదాన్ని అంటగట్టకుండా చూసుకునేది ఈ అంకెతోనే. ఐదేళ్లు దాటిన టైరును ఏటా చూపించుకోవాలి. బటన్ మిగిలి ఉందని పదేళ్ల టైరును నమ్మకూడదు. బండి వెనక తలుపు మీద ఎండలో వేలాడే స్టెప్నీకి కూడా ఇదే వర్తిస్తుంది, అది నేల తాకకపోయినా ముసలిదవుతూనే ఉంటుంది.

ఇక ఏ రకం టైరు? దిగువ అహోబిలం నుంచి పావన నరసింహుడి దగ్గరకు, అదే మన పాములేటి స్వామి దగ్గరకు, అడవిలో రాళ్ల మీద జీపులు పోయే దారి చూసినవాళ్లకు సైడ్‌వాల్ మందంగా ఉన్న ఆల్ టెరైన్ టైరు విలువ వేరుగా చెప్పనక్కర్లేదు. గనుల పని మీద రోజూ తిరిగేవాళ్లకూ అదే సరి. ఆలూరు, ఆదోని, కోయిలకుంట్ల వైపు నల్లరేగడి చేలలోకి వానాకాలంలో దిగాల్సినవాళ్ల కష్టం ఇంకొకటి. ఆ మట్టిలోని బంక నీరు తాగి ఉబ్బుతుంది, టైరు గాళ్లలో నిండి బటన్లనే కప్పేస్తుంది. వెడల్పు గాళ్లున్న మడ్ టెరైన్ టైరు తిరుగుతూ ఆ మట్టిని విసిరేస్తుంది. అదే టైరు హైవే మీద మోత పెడుతుంది, తడి తారు మీద బ్రేకు వేస్తే ఆగే దూరం పెరుగుతుంది. నా అభిప్రాయం అడిగితే, ఇక్కడ ఫోర్ బై ఫోర్ కొన్నవాళ్లలో ఎక్కువమందికి కంపెనీ ఇచ్చిన సైజులోనే హైవే రకమో, మెత్తటి ఆల్ టెరైన్ రకమో చాలు. చూపు కోసం పెద్ద టైరు వేస్తే స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది, బ్రేకుకూ గేరుకూ భారం పెరుగుతుంది. ఏది వేసినా ఒకటే రకం, ఒకటే కంపెనీ, ఒకటే మోడల్ నాలుగింటికీ. ముందు ఆల్ టెరైన్, వెనక హైవే రకం వేస్తే వాన రోడ్డు మీద ఒక ఇరుసు పట్టుకుంటుంది, ఇంకోటి జారుతుంది, బండి అడ్డం తిరిగేది అప్పుడే. రేడియల్‌తో పాత పద్ధతి నైలాన్ టైరును అసలే కలపకూడదు. రీబటన్ టైరు లారీలకు సరే, కారుకు వద్దు.

మరి నాపరాయి కోసిన ఆ ఒక్క టైరుకు ఏం చేయాలి? దీని జవాబు కోత పడకముందే మొదలవుతుంది. జిమ్నీ, థార్ లాంటి బండ్లకు స్టెప్నీ కూడా పూర్తి సైజుదే వస్తుంది. ఎనిమిది, పదివేల కిలోమీటర్లకోసారి టైర్ల చోటు మార్పించేటప్పుడు దాన్నీ కలిపి ఐదింటినీ తిప్పిస్తే ఐదూ ఒకేలా అరుగుతాయి. అప్పుడు ఒకటి కోసుకుపోయినా, స్టెప్నీ తగిలిస్తే నాలుగూ జతగానే ఉంటాయి, కొత్తగా కొన్నది వెనక తలుపుకు పోతుంది. స్టెప్నీని తిప్పని బండికి దారులు రెండు. షోరూము నుంచి రాగానే టైర్లు మార్పించుకునేవాళ్లు వదిలేసిన అదే మోడల్ టైరు కర్నూలులోనో హైదరాబాదులోనో టైరు షాపుల్లో దొరకవచ్చు, తయారీ వారం, బటన్ లోతు, లోపలి అతుకులు చూసి తీసుకోవాలి. లేదంటే రెండు కొత్తవి కొని ఒకే ఇరుసుకు, వీలైతే వెనకకు వేయించి, మిగతా రెండూ మార్చేదాకా పొడి నేల మీద ఫోర్ హై జోలికి పోకుండా ఉండాలి. ఈ రెండో దారి లివరు ఉన్న బండికే. ఎప్పుడూ నాలుగు చక్రాలూ నడిచే బండికి తప్పించుకునే వీలు లేదు, లోతు తేడా కంపెనీ చెప్పిన హద్దు దాటితే నాలుగూ మార్చాల్సిందే.

టైరు షాపులో సైజు అదే కదా, బాగానే తిరుగుతుంది అంటారు. టూ హైలో తిరుగుతుంది, నిజమే. మీ బండి ఫోర్ బై ఫోర్ అని వాళ్లకు ముందే చెప్పండి, మిగిలిన మూడింటి బటన్ లోతు మీ కళ్లముందే గేజితో కొలిపించండి, ఆ తర్వాతే డబ్బులివ్వండి.